సంకేతపదాల కల్పన, పరిరక్షణ: గోదావరి డెల్టా కుటుంబ అవసరాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్యాంకు, పింఛను, భూమి పత్రం, పరీక్ష దరఖాస్తు వంటి వ్యవహారాలన్నీ నేడు పాస్‌వర్డ్ మీద ఆధారపడుతున్నాయి. బలమైన పాస్‌వర్డ్‌ను కల్పించి ఇచ్చే సాధనాన్ని జనరేటర్ అంటారు. కల్పించడంతోపాటు భద్రపరచి, అవసరమైన చోట నింపే సాధనాన్ని మేనేజర్ అంటారు. ఈ రెండింటి పనితీరును, బలాలను, పరిమితులను వివరించి, గోదావరి డెల్టాలోని కుటుంబాల వాస్తవ పరిస్థితులకు ఏది ఎప్పుడు తగినదో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు లిపికి, తెలుగు పదాల రోమన్ రాతకు సంబంధించిన ప్రత్యేక సమస్యలను కూడా ఇందులో చర్చించడమైనది.

కీలక పదాలు: సంకేతపదం, జనరేటర్, మేనేజర్, గుప్తీకరణ, యాదృచ్ఛికత, గోదావరి డెల్టా, తెలుగు యూనికోడ్.

1. ప్రవేశిక

కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ వాడకం 1960ల ఆరంభంలో మొదలైంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో నాయకత్వంలో రూపొందిన కాలవిభజన వ్యవస్థలో ఒకే యంత్రాన్ని పలువురు వాడవలసి వచ్చింది. ఎవరి దస్త్రాలు వారికే దక్కడానికి ప్రతి వ్యక్తికీ ఒక రహస్య పదాన్ని కేటాయించారు. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి ఆ పదాలన్నీ ఉన్న దస్త్రాన్ని అచ్చు వేయించుకుని ఇతరుల ఖాతాలలోకి ప్రవేశించాడు. యంత్రాన్ని మరికొంతసేపు వాడుకోవడమే అతని ఉద్దేశం. ఈ వ్యాసానికి పనికివచ్చే పాఠం ఆ ఘటనలోనే ఉంది. పదం ఎంత గట్టిదైనా దానిని ఉంచిన చోటు భద్రమైనది కాకపోతే ప్రయోజనం లేదు. కల్పన వేరు, పరిరక్షణ వేరు.

గోదావరి డెల్టాకు ఈ సమస్య కొత్తది కాదు. 2002లోనే పశ్చిమ గోదావరి జిల్లాలో మండల స్థాయి గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. వాటిలో పలు కేంద్రాలను మహిళా స్వయం సహాయక సంఘాలు నిర్వహించాయి. తరువాత మీసేవ కేంద్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. డిజిటల్ సహాయకుడు అనే ఉద్యోగి ప్రతి సచివాలయంలో భాగమయ్యాడు. ఈ మార్పుల వల్ల ప్రభుత్వ సేవ ఊరి దాకా వచ్చింది. అయితే పౌరుడి తరఫున మరొకరు యంత్రం ముందు కూర్చుని వివరాలు నింపే అలవాటు కూడా దానితోపాటే స్థిరపడింది. దరఖాస్తు నింపేవారే పాస్‌వర్డ్‌ను పెట్టడం, దానిని చీటీ మీద రాసి ఇవ్వడం, చీటీ పోతే మళ్ళీ వారి దగ్గరికే వెళ్ళడం సాధారణంగా కనిపించే విషయాలు. కనుక ఇక్కడ ప్రశ్న సాంకేతికమైనది మాత్రమే కాదు. తన ఖాతా తన చేతిలో ఉందా, ఇంకొకరి చేతిలో ఉందా అన్నది అసలు ప్రశ్న.

2. మనిషి కల్పించే పదం ఎందుకు బలహీనం?

మనం పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు గుర్తుండే పదాన్ని ఎన్నుకుంటాం. పిల్లల పేరు, ఇలవేల్పు పేరు, ఊరి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఒక గుర్తు అన్నది అలవాటైన నమూనా. పుష్కరం జరిగిన 2015 వంటి సంవత్సరాలు కూడా ఇలాగే చేరతాయి. ఇది ఎంత బలహీనమో ఒక లెక్కతో చూడవచ్చు. దాడి చేసేవాడు 5,000 తెలుగు పేర్లు, 80 సంవత్సరాలు, 10 గుర్తులు తీసుకుని, మొదటి అక్షరాన్ని పెద్దదిగానూ చిన్నదిగానూ రెండు విధాల రాసి చూస్తాడనుకుందాం. మొత్తం కలయికలు 5,000 × 80 × 10 × 2, అంటే 80 లక్షలు. దొంగిలించిన సమాచారం మీద సెకనుకు 100 కోట్ల ఊహలు పరీక్షించగల యంత్రానికి ఇది సెకనులో నూరో వంతు పని కూడా కాదు.

దీనికి భిన్నంగా కీబోర్డు మీద ఉండే 94 అక్షరాలు, అంకెలు, గుర్తుల నుండి 12 స్థానాలను యాదృచ్ఛికంగా నింపితే కలయికలు 94ను 12 సార్లు హెచ్చించినన్ని అవుతాయి. అదే యంత్రానికి అవన్నీ పరీక్షించడానికి సుమారు ఒకటిన్నర కోటి సంవత్సరాలు పడుతుంది. రెండు పదాలూ చూడడానికి దాదాపు ఒకే పొడవున ఉండవచ్చు. ఒకటి మనిషి ఎన్నిక, మరొకటి యాదృచ్ఛిక ఎన్నిక కావడమే ఈ తేడాకు కారణం.

రెండవ బలహీనత పునరుక్తి. ఒకే పదాన్ని పలు చోట్ల వాడితే వాటిలో అతి బలహీనమైన చోటే మిగిలిన వాటి బలాన్ని నిర్ణయిస్తుంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అవి గుప్తీకరణ లేకుండా, ఉన్నవి ఉన్నట్టుగా నిల్వచేసినవి. అటువంటి జాబితాలను తీసుకుని బ్యాంకు, ఈమెయిలు ఖాతాల మీద వరసగా ప్రయోగించడం నేటి దాడులలో సర్వసాధారణమైన పద్ధతి. కాబట్టి ప్రతి ఖాతాకూ వేరువేరు పదం కావాలి, ప్రతి పదమూ యాదృచ్ఛికం కావాలి. ముప్పై ఖాతాలకు ముప్పై యాదృచ్ఛిక పదాలను మనిషి జ్ఞాపకం మోయలేదు. అందువల్లనే సాధనం అవసరమవుతుంది.

3. జనరేటర్: స్వరూపం, పరిమితులు

జనరేటర్లు రెండు విధాలు.

3.1 యాదృచ్ఛిక జనరేటర్: అడిగిన ప్రతిసారీ ఒక కొత్త పదాన్ని ఇస్తుంది, దేనినీ గుర్తుపెట్టుకోదు. దీని నాణ్యత పూర్తిగా యాదృచ్ఛికత మూలం మీద ఆధారపడుతుంది. ఈ విషయంలో 2021లో వెల్లడైన ఒక లోపం గమనింపదగినది. కాస్పర్‌స్కీ సంస్థ పాస్‌వర్డ్ మేనేజర్‌లోని జనరేటర్ కొంతకాలంపాటు ఆ క్షణపు గడియారం సెకన్లనే బీజంగా తీసుకుని పదాలను కల్పించింది. పదేళ్ళ కాలంలో ఉన్న సెకన్లు సుమారు 31 కోట్ల 56 లక్షలు మాత్రమే. ఖాతా తెరిచిన రోజు తెలిస్తే ఊహించవలసినవి 86,400కు తగ్గిపోతాయి. పదం చూడడానికి అర్థంలేని అక్షరాల గుంపుగానే ఉన్నా దాని వెనుక బలం లేదు. సంస్థ ఆ లోపాన్ని తరువాత సరిచేసింది. పదం రూపాన్ని చూసి దాని బలాన్ని అంచనా వేయలేమని దీనివల్ల తెలుస్తుంది.

ఈ జనరేటర్‌కు రెండవ పరిమితి జ్ఞాపకం లేకపోవడం. అది ఇచ్చిన పదాన్ని ఎక్కడో ఒకచోట రాసుకోక తప్పదు. అది ఫోనులోని నోట్సులోనో, తనకు తానే పంపుకున్న సందేశంలోనో, కేంద్రం వారి పుస్తకంలోనో చేరుతుంది.

3.2 నిర్ణీత జనరేటర్: ఇది మూల పదాన్ని, వెబ్‌సైటు పేరును కలిపి గణితప్రక్రియ ద్వారా ఒక పదాన్ని తీస్తుంది. అవే రెండు ఇస్తే ఎప్పుడైనా, ఏ యంత్రం మీదైనా అదే ఫలితం వస్తుంది. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన పీడబ్ల్యూడీహ్యాష్ ఈ కోవలోనిది. దాచవలసినది ఏదీ లేకపోవడం దీని ఆకర్షణ.

కాని ఆచరణలో నాలుగు చిక్కులున్నాయి. మొదటిది, ఒక సైటు పదాన్ని మార్చమంటే మూల పదాన్ని మార్చాలి, లేదా ఎన్నోసారి మార్చామన్న సంఖ్యను గుర్తుంచుకోవాలి. రెండవది, ఒక సైటు గుర్తులు వద్దంటుంది, మరొకటి తప్పనిసరి అంటుంది. ఏ సైటుకు ఏ నియమమో మళ్ళీ జ్ఞాపకం ఉంచుకోవాలి. మూడవది, బ్యాంకు ఇచ్చిన వినియోగదారు సంఖ్య, భద్రతా ప్రశ్నల జవాబులు వంటి ముందే ఉన్న రహస్యాలను ఇది దాచలేదు. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది తీసిన పదాలలో ఒకటి ఏ సైటు నుండైనా బయటపడితే దాని ఆధారంగా మూల పదాన్ని తీరికగా ఊహించి చూసే అవకాశం దాడి చేసేవాడికి దొరుకుతుంది. మూల పదం బలహీనమైనదైతే అన్ని ఖాతాలూ ఒకేసారి బయటపడతాయి.

4. మేనేజర్: స్వరూపం, పరిమితులు

మేనేజర్‌ను ఒక తాళం వేసిన ఖజానాగా భావించవచ్చు. లోపల ఖాతాల వివరాలన్నీ గుప్తీకరించి ఉంటాయి. ఆ గుప్తీకరణకు తాళపుచెవి మూల పదం నుండి పుడుతుంది. ఊహించి చూసే పనిని నిదానం చేయడానికి మూల పదాన్ని నేరుగా వాడక, లక్షల సార్లు ఆవర్తనం చేసే పీబీకేడీఎఫ్2 వంటి ప్రక్రియ ద్వారానో, ఎక్కువ మెమరీని కోరే ఆర్గాన్2 వంటి ప్రక్రియ ద్వారానో చెవిని తీస్తారు. ఆర్గాన్2, 2015లో ముగిసిన పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో విజేతగా నిలిచింది.

మేనేజర్లలో మూడు రకాలున్నాయి: బ్రౌజరులోనే అంతర్భాగంగా ఉన్నవి; బిట్‌వార్డెన్, 1పాస్‌వర్డ్ వంటి, క్లౌడ్ ద్వారా అన్ని పరికరాలకూ అందేవి; కీపాస్ కుటుంబానికి చెందిన, మన దగ్గరే ఒక ఫైలుగా ఉండేవి.

మేనేజర్ చేసే మేలులో జ్ఞాపకభారం తగ్గించడం ఒక్కటే అందరికీ కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద మేలు మరొకటి ఉంది. అది పదాన్ని సైటు చిరునామాతో ముడిపెట్టి దాస్తుంది. బ్యాంకు పేజీని పోలిన నకిలీ పేజీని చూసి మనిషి కన్ను మోసపోవచ్చు. మేనేజర్ మాత్రం చిరునామా సరిపోలకపోతే పదాన్ని తానుగా నింపదు. నింపకపోవడమే హెచ్చరిక అవుతుంది. నిర్ణీత జనరేటర్లలో బ్రౌజరుకు అనుసంధానమైనవి తప్ప మిగిలినవి ఈ రక్షణ ఇవ్వలేవు.

పరిమితులు కూడా స్పష్టమైనవే. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టినట్లవుతుంది. 2022లో లాస్ట్‌పాస్ సంస్థ మీద జరిగిన దాడిలో వినియోగదారుల ఖజానాల ప్రతులు దొంగల చేతికి చిక్కాయి. పాస్‌వర్డ్‌లు గుప్తీకరించి ఉన్నా, సైట్ల చిరునామాలు గుప్తీకరణ లేకుండా ఉండడంవల్ల ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో తెలిసిపోయింది. మూల పదం బలంగా ఉన్నవారి ఖజానా, ప్రతి చోరీ అయినా, తెరవడం అసాధ్యప్రాయం. బలహీనమైన పదం పెట్టినవారికి, ఆవర్తనాల సంఖ్య తక్కువగా ఉండిపోయిన పాత ఖాతాదారులకు ప్రమాదం మిగిలింది. మేనేజర్ వాడినా చివరకు ఒక్క మంచి పదాన్ని మనిషే గుర్తుంచుకోవాలన్నది దీని సారాంశం.

5. మూల పదం: తెలుగువారి ప్రత్యేక సమస్యలు

మూల పదాన్ని కల్పించడానికి 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రతిపాదించిన డైస్‌వేర్ పద్ధతి నేటికీ ఉత్తమమైనది. 7,776 పదాల జాబితాలో ప్రతి పదానికీ ఐదంకెల సంఖ్య ఉంటుంది. పాచికను ఐదుసార్లు వేసి వచ్చిన సంఖ్యను బట్టి ఒక పదం తీస్తారు. ఇలా ఆరు పదాలు తీస్తే దాని బలం పైన చెప్పిన 12 యాదృచ్ఛిక అక్షరాల బలానికి దాదాపు సమానం. అయినా మనసులో ఒక బొమ్మగా నిలుస్తుంది.

మన ఇళ్ళలో పాచికకు బదులు గవ్వలుంటాయి. గవ్వ రెండు వైపులా సమానమైన ఆకారం కాదు కనుక బోర్లా, వెల్లకిలా సమసంభావ్యతతో పడదు. దీనికి 1951లో జాన్ ఫాన్ నాయ్‌మన్ సూచించిన ఉపాయం పనికివస్తుంది. గవ్వను రెండేసిసార్లు వేయాలి. మొదట బోర్లా, తరువాత వెల్లకిలా పడితే 0 అని, మొదట వెల్లకిలా, తరువాత బోర్లా పడితే 1 అని రాసుకోవాలి. రెండుసార్లూ ఒకేలా పడితే ఆ జంటను వదిలేయాలి. ఒకే గవ్వ వాడినంతకాలం ఈ రెండు క్రమాల సంభావ్యత సమానం గనుక వక్రత రద్దవుతుంది. ఇటువంటి పది అంకెలతో 1,024 పదాల జాబితా నుండి ఒక పదాన్ని ఎన్నుకోవచ్చు.

పదాలు తెలుగులో ఉంటే జ్ఞాపకానికి సులువు. కాని రెండు అవరోధాలున్నాయి.

5.1 లిపి సమస్య: పలు సైట్లు పాస్‌వర్డ్‌లో తెలుగు లిపిని అంగీకరించవు. అంగీకరించినచోట కూడా యూనికోడ్ రూపభేదం ఇబ్బంది పెట్టవచ్చు. ఉదాహరణకు 'ఐత్వం' గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు దీర్ఘచిహ్నం అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. సైటు వాటిని ఏకరూపం చేయకపోతే ఒక కీబోర్డుతో పెట్టిన పదం మరొక కీబోర్డుతో సరిపడదు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ప్రకటించిన మార్గదర్శకాలు ఈ ఏకీకరణను సూచించాయి. పదాన్ని అతికించే సౌకర్యాన్ని ఉంచాలని, నిర్ణీత గడువులలో పదాన్ని మార్చమని వేధించవద్దని కూడా అవి పేర్కొన్నాయి.

5.2 రోమన్ రాత సమస్య: 'వాన' అనే మాటలో దీర్ఘానికి ఒక 'ఎ' రాయాలా, రెండు రాయాలా? 'తాత'లోని తకారానికి 'టి' చాలునా, 'హెచ్' కూడా చేర్చాలా? 'ల', 'ళ'లకు తేడా చూపాలా? ఒకే మనిషి ఒక్కోరోజు ఒక్కోలా రాస్తాడు. ఆరునెలల తరువాత ఖజానా తెరుచుకోకపోతే దాడి జరగకుండానే సమస్తం పోయినట్లే. దీర్ఘాలు, మహాప్రాణాలు, ళకారం లేని, ఒకే విధంగా రోమన్‌లో రాయగల 1,296 తెలుగు పదాల జాబితా ఒకటి తయారైతే నాలుగు పాచికలతో ఒక పదం చొప్పున ఏడు పదాలు తీసి చక్కని మూల పదం కల్పించుకోవచ్చు. ఇది భాషాశాస్త్ర విద్యార్థులు చేపట్టదగిన చిన్న పని, ప్రయోజనం మాత్రం పెద్దది.

6. ఎవరికి ఏది తగినది?

6.1 సొంత పరికరం లేనివారు: ఫోను లేని వృద్ధులకు, ఒకటి రెండు ఖాతాలు మాత్రమే ఉన్నవారికి మేనేజర్ భారమవుతుంది. డైస్‌వేర్ పద్ధతిలో తీసిన పదాన్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజుల పెట్టెలో ఉంచడం మేలు. దూరాన ఉన్న దొంగ ఆ కాగితాన్ని చూడలేడు. అయితే కాగితానికి నీటి గండం ఉంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. లంక గ్రామాల వారికి కాగితం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నీరు చొరని సంచిలో ఒక ప్రతి, ఎత్తైన ఊరిలోని బంధువుల ఇంట మూసిన కవరులో మరొక ప్రతి ఉండాలి.

6.2 సొంత ఫోను ఉన్న రైతు, వ్యాపారి, విద్యార్థి: వరి, కొబ్బరి, చేపలు, రొయ్యలు ఏ రంగమైనా ఖాతాల సంఖ్య పది దాటితే మేనేజరే సరైన సాధనం. జనరేటర్ దానిలోనే ఉంటుంది గనుక విడిగా అవసరం లేదు. ఫోనుతో వచ్చే మేనేజరైనా, ఏదీ వాడకపోవడంకన్నా ఎంతో నయం. 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి విపత్తులో విద్యుత్తు, సమాచార సంబంధాలు రోజుల తరబడి తెగిపోతాయి. కనుక నెట్ లేకున్నా తెరుచుకునే మేనేజర్‌ను ఎన్నుకోవాలి. ఖజానా ప్రతి ఒకటి వేరొక పరికరంలోనూ ఉండాలి.

6.3 గల్ఫ్‌లో ఒకరు, ఇంటి వద్ద మిగిలినవారు: కోనసీమలో ఇటువంటి కుటుంబాలు అనేకం. భర్త అక్కడినుండి సందేశంలో పాస్‌వర్డ్ పంపడం, భార్య దానిని అలాగే ఉంచడం ప్రమాదకరం. క్లౌడ్ మేనేజర్లలో కుటుంబసభ్యులు కొన్ని ఖాతాలను మాత్రమే పంచుకునే వీలుంది. అనుకోని ఆపద వస్తే నియమితులైనవారికి ఖజానా తెరిచే అత్యవసర ప్రవేశం కూడా కొన్నింటిలో ఉంది. యజమాని మరణిస్తే బ్యాంకు, బీమా వివరాలు తెలియక కుటుంబం అల్లాడే స్థితిని ఇది తప్పిస్తుంది. ఈ ఒక్క పని జనరేటర్ ఏ రకంగానూ చేయలేదు.

6.4 సేవాకేంద్రాల నిర్వాహకులు: పదుల మంది రహస్యాలను పుస్తకంలో రాసి ఉంచడం వారికీ క్షేమం కాదు. ఏ ఖాతాలో పొరపాటు జరిగినా అనుమానం ముందుగా వారిమీదికే వస్తుంది. తమ అధికారిక ఖాతాలకు మేనేజర్ వాడాలి. వచ్చినవారి పాస్‌వర్డ్‌ను వారి చేతనే టైపు చేయించి, బ్రౌజరు దాచనా అని అడిగితే వద్దని నొక్కాలి. వచ్చినవారు సైతం ఉమ్మడి యంత్రం మీద తమ ఖజానాను తెరవరాదు. విండోస్‌లో నకలు చరిత్ర సౌకర్యం పనిచేస్తుంటే చివరిగా నకలు చేసిన 25 అంశాల వరకు తరువాత కూర్చున్నవారికి కనబడే వీలుంది.

6.5 దాచకూడనివి: యూపీఐ పిన్ నాలుగు లేదా ఆరు అంకెలే. దానిని జ్ఞాపకంలోనే ఉంచుకోవాలి. ఓటీపీని ఎవరికీ చెప్పరాదు. మేనేజర్ ఎంత గొప్పదైనా ఫోనులో అడిగినవారికి మనమే చెప్పే అంకెలను కాపాడలేదు.

7. నష్టం జరిగితే

2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పుగానీ ఖాతాదారు తప్పుగానీ లేకుండా మూడవపక్షం వల్ల మోసం జరిగి, బ్యాంకు సమాచారం ఇచ్చిన మూడు పనిదినాలలోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు బాధ్యత ఉండదు. తన పాస్‌వర్డ్‌ను తానే ఇతరులకు చెప్పినందువల్ల నష్టం జరిగితే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారే భరించాలి. చీటీ మీద రాసి ఇతరులకు ఇచ్చే అలవాటుకు చెల్లించవలసిన ధర ఇదే. ఆర్థిక మోసం జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- జనరేటర్ కల్పనకు మాత్రమే పనికివస్తుంది. మేనేజర్ కల్పన, పరిరక్షణ, గుర్తింపు అనే మూడు పనులూ చేస్తుంది.
- నిర్ణీత జనరేటర్ దాచే బాధ తప్పించినట్లు కనిపించినా, నియమాలను, మార్పులను జ్ఞాపకం ఉంచుకునే భారాన్ని మనిషి మీదికే తిరిగి తెస్తుంది.
- ఖాతాలు పదికి మించినవారికి, కుటుంబంతో వివరాలు పంచుకోవలసినవారికి మేనేజర్ తగినది. ఒకటి రెండు ఖాతాలున్నవారికి పాచికలతో తీసిన పదం, భద్రమైన కాగితం చాలు.
- ఏ మార్గంలోనైనా మూల పదం యాదృచ్ఛికంగా ఉండాలి, దాని రోమన్ రాత స్థిరంగా ఉండాలి.

పాస్‌వర్డ్ అవసరమే లేకుండా పరికరంలోని రహస్య తాళపుచెవితో ప్రవేశించే పాస్‌కీ పద్ధతి క్రమంగా వ్యాపిస్తున్నది. దానికి ఆధారమైన వెబ్‌ఆథెన్ ప్రమాణం 2019లో ఆమోదం పొందింది. ఆ తాళపుచెవులను దాచి, పరికరం మారినప్పుడు వెంట తీసుకుపోవడానికి కూడా మేనేజరే ఉపయోగపడుతోంది. ఊరి సేవాకేంద్రానికి వెళ్ళడం మానుకోవలసిన పని లేదు. దరఖాస్తు నింపడంలో వారి సహాయం తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ గడి దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం కీబోర్డును మన వైపు తిప్పుకోవడం అలవాటు కావాలి.